టీ గ్లాసుడు పప్పు, నలుగురు మనుషులు

అమ్మకి డెబ్బై ఒకటో ఏడు. పోయిన చలికాలం నుంచీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటోంది, కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి నేలకి ఆనిస్తోంది. రక్త పరీక్షల్లో పెద్దగా ఏమీ తేలలేదు. "ఒంట్లో కండ తగ్గిందమ్మా, ప్రోటీన్ సరిగ్గా అందుతున్నట్టు లేదు. పప్పు తింటున్నారా?" అని అడిగారు డాక్టరుగారు. "పప్పు లేని రోజుందాండీ మా ఇంట్లో!" అంది అమ్మ. ఆయనా సరేనన్నారు, మేమూ ఇంటికొచ్చేశాం. దారి పొడుగునా నా బుర్రలో మాత్రం ఒక్కటే తిరిగింది. రోజూ పప్పు తింటున్న మాట నిజమే, కానీ ఎంత తింటోంది?

మర్నాడు కుక్కర్ పెట్టే వేళకి వంటింటి త్రాసు తీసి గట్టు మీద పెట్టాను. అమ్మ ఎప్పట్లాగే డబ్బాలోంచి టీ గ్లాసుతో కందిపప్పు తీసింది. తూస్తే 88 గ్రాములు. నలుగురికీ మధ్యాహ్నానికి అదే. అంటే మనిషికి 22 గ్రాములు. టమాటాలూ చింతపండు పులుసూ పడి, పోపు పెట్టేసరికి గిన్నె నిండింది. గరిటెతో తీస్తే చిక్కగా జారింది. చూసినవాళ్లెవరైనా ఈ ఇంట్లో పప్పుకి లోటు లేదనే అంటారు. గిన్నె నింపింది నీళ్లూ కూరగాయలూ అని త్రాసు పెడితే గాని తెలియలేదు.

కందిపప్పులో వంద గ్రాములకి సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పెసరపప్పు, మినప్పప్పు, శనగపప్పు, అన్నీ ఒకటి రెండు గ్రాముల తేడాలో అక్కడక్కడే. ఇది ఎండు పప్పు లెక్క, ఉడికినదాని లెక్క కాదు. ఈ తేడా మరిచిపోయే చాలామంది తప్పటడుగు వేస్తారు. అమ్మ కంచంలో పడిన 22 గ్రాముల పప్పుకి వచ్చే ప్రోటీన్ ఐదు గ్రాములు. మరి కావలసిందెంత? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం పెద్దవాళ్లకి ఒంటి బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాములు. అమ్మ బరువు 50 కిలోలు కాబట్టి 41 గ్రాములకి తగ్గకూడదు. 65 కిలోల మగమనిషికైతే 54. మనలా గింజలు ప్రధానంగా తినేవాళ్లకి, పాలలో గుడ్డులో ఉన్నదంత సులువుగా ఆ ప్రోటీన్ అరగదు కాబట్టి, కిలోకి ఒక గ్రాము అనుకుని వండుకుంటే నిశ్చింత.

మా చిన్నప్పుడు బడి పుస్తకాల్లో వీటిని మాంసకృత్తులనేవారు. మాటలో మాంసం ఉందని, ఇవి మాంసంలో దొరికేవి కాబోలు అనుకునేదాన్ని. అర్థం అది కాదు. మాంసాన్ని, అంటే మన ఒంట్లో కండని, తయారు చేసేవి అని. ఎక్కడ దొరుకుతాయో చెప్పే పేరు కాదది, ఏం చేస్తాయో చెప్పే పేరు. ఇప్పటికీ నాకు ప్రోటీన్ కన్నా ఆ పేరే ఇష్టం.

ఆ రోజు రాత్రి అమ్మ తిన్నదంతా కాగితం మీద రాసుకున్నాను. పొద్దున్న రెండు ఇడ్లీలు, నాలుగు గ్రాములు. రెండు పూటలా కాఫీలో పాలు కలిపి ఓ వంద మిల్లీలీటర్లు, మూడు. మధ్యాహ్నం అన్నానికి వంద గ్రాముల బియ్యం, ఏడున్నర. పప్పు ఐదు, బెండకాయ వేపుడు ఒకటిన్నర, చిన్న కప్పు పెరుగు మూడు. రాత్రి "నాకు పెరుగన్నం చాలు" అంటుంది, అందులో బియ్యానికి నాలుగు, పెరుగుకి మూడు. అంతా కలిపితే 31. రోజుకి పది గ్రాములు తక్కువ. ఒక్క రోజైతే ఏమీ కాదు. ఏళ్ల తరబడి రోజూ పది తగ్గితే, ఒళ్లు తనకి కావలసినదాన్ని తన కండలోంచే తీసుకుంటుంది. అమ్మ నేలకి చెయ్యి ఆనించి లేవడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు, వయసుతో కండ ఎలాగూ కొంత తరుగుతుంది. కానీ మన చేతిలో ఉన్న కారణం ఇది.

కాగితం మీద ఇంకో సంగతి కనబడింది. ఆ 31లో పప్పు ఇచ్చింది ఐదైతే అన్నం ఇచ్చింది పదకొండున్నర. అన్నంలో ప్రోటీన్ ఏముంటుందని తీసిపారేస్తాం. ఉంటుంది, బియ్యంలో వందకి ఏడు ఎనిమిది గ్రాములు. మనం తినే మోతాదుకి అది మంచి వాటాయే. చిక్కు దాని నాణ్యతలో ఉంది, దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

పూలదండ కట్టడం చూసే ఉంటారు. రెండు మల్లెలు, ఒక కనకాంబరం, ఓ మరువం రెమ్మ, మళ్లీ రెండు మల్లెలు. ఆ వరస తప్పకుండా కట్టాలనుకోండి. బుట్టలో మల్లెలు కుప్పగా ఉన్నా, కనకాంబరాలు అయిపోయిన చోట దండ ఆగిపోతుంది. మిగిలిన మల్లెలు ఎన్నున్నా దండలోకి రావు. ప్రోటీన్ కూడా ఇలా కట్టిన దండే. అందులో పూలు అమైనో ఆమ్లాలు, ఇరవై రకాలు. పదకొండింటిని ఒళ్లు తానే చేసుకోగలదు. తొమ్మిదింటిని మాత్రం తిండిలోంచే తెచ్చుకోవాలి. బియ్యం, గోధుమ, జొన్న ఇలాంటి ధాన్యాల్లో ఆ తొమ్మిదిలో లైసీన్ అనేది తక్కువ. అన్నం ఎంత తిన్నా లైసీన్ అయిపోయిన చోట దండ ఆగుతుంది. పప్పుల్లో లైసీన్ దండిగా ఉంటుంది, కానీ వాటిలో మెథియొనిన్ అనే ఇంకో పువ్వు తక్కువ. అది ధాన్యాల్లో, నువ్వుల్లో బాగా ఉంటుంది. ఒకదాని బుట్టలో లేనిది ఇంకోదాని బుట్టలో ఉందన్నమాట.

ఇది మన పెద్దవాళ్లకి ఈ పేర్లతో తెలియదు. అయినా రాయలసీమలో పులగం బియ్యం, పెసరపప్పు కలిపి వండి పల్లీల చట్నీతో తింటారు. తెలంగాణలో సర్వపిండి తడితే బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు అన్నీ పడతాయి, ఒక్క రొట్టెలో మూడు బుట్టలూ ఉన్నట్టే. సంగటిలోకి ఊరుబిండి, జొన్నరొట్టెలోకి పప్పు, దిబ్బరొట్టెలో మినప్పప్పూ బియ్యపురవ్వా. ఎండుగింజల లెక్కన మూడు పాళ్లు ధాన్యం, ఒక పాలు పప్పు అన్నది పోషకాహార నిపుణులు చెప్పే కొలత. దాన్ని అమ్మ కంచానికి పెట్టి చూశాను. బియ్యం 150 గ్రాములుంటే పప్పు 50 ఉండాలి. ఉన్నది 22. రోజూ పప్పు తింటున్న ఇంట్లోనే సగానికి సగం తక్కువ.

ఈ కలపడం గురించి ఒక భయం కూడా వదిలించుకోవాలి. ఫ్రాన్సిస్ మూర్ లాపే అనే అమెరికన్ రచయిత్రి 1971లో రాసిన పుస్తకంతో ధాన్యాన్నీ పప్పునీ జత చేసి తినాలనే ఆలోచన ప్రపంచమంతా పాకింది. ప్రతి పూటా, ప్రతి ముద్దలోనూ జత కుదరాలేమో అని జనం లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. పదేళ్ల తర్వాత, 1981లో తెచ్చిన కొత్త ముద్రణలో అంత పట్టింపు అక్కర్లేదని ఆమే దిద్దుకుంది. ఒంట్లో అమైనో ఆమ్లాల నిల్వ కొంత ఎప్పుడూ ఉంటుంది. పొద్దున్న జొన్నరొట్టె తిని సాయంత్రం గుగ్గిళ్లు తిన్నా రోజు మొత్తం మీద లెక్క కుదురుతుంది. తన పుస్తకంతోనే పాకిన మాటని తానే వెనక్కి తీసుకున్న ఆ రచయిత్రి మీద నాకు గౌరవం.

అసలు కాయధాన్యాల్లోనే ప్రోటీన్ అంత ఎందుకుంటుందో తెలుసుకుంటే వాటి మీద ప్రేమ పెరుగుతుంది. ప్రోటీన్‌కి నత్రజని కావాలి. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే ఉన్నా, మొక్కలు దాన్ని నేరుగా తీసుకోలేవు. కంది, పెసర, మినుము, ఉలవ, వేరుశనగ మొక్కని వేళ్లతో సహా పీకి చూడండి, వేళ్లకి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. అందులో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తాయి, బదులుగా మొక్క వాటికి చక్కెర పెడుతుంది. అలా దొరికిన నత్రజనిని మొక్క గింజలో ప్రోటీన్‌గా దాస్తుంది. వరికి ఆ సదుపాయం లేదు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఒకే చెలకలో జొన్నల మధ్య కంది, పెసర, అనుములు కలిపి వేసే పాత పద్ధతిని నిలబెట్టుకున్నారు. పక్కపక్కన పెరిగినవే కంచంలోనూ పక్కపక్కన కూర్చుంటాయి.

దేశం మొత్తం మీద చూస్తే ఆ పక్కపక్కన కూర్చోవడం తగ్గిపోయింది. 1951లో మనిషికి రోజుకి దాదాపు 60 గ్రాముల పప్పుధాన్యాలు అందుబాటులో ఉండేవి. వరి, గోధుమల దిగుబడి పెరిగి, నీళ్లున్న భూములన్నీ వాటికే పోయాక పప్పులు వెనకబడ్డాయి. 2000 తర్వాతి కొన్నేళ్లలో 35 గ్రాముల లోపుకి కూడా జారింది. ఆ తర్వాత కొంత కోలుకున్నా, పాత అంకెకి మళ్లీ చేరలేదు. మన ఇళ్లలో ఈ తగ్గుదల పప్పు మానెయ్యడంగా కనిపించలేదు, పల్చబడటంగా కనిపించింది. ముద్దపప్పు పప్పుచారు అయింది, పప్పుచారు తేటచారు అయింది. రోజూ పప్పు ఉండనే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇది శాకాహారుల ఇళ్లకే పరిమితం కాదు. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పూర్తి శాకాహారులు నూటికి ఇద్దరి లోపే. మిగిలినవాళ్లలో ఎంతమందికో మాంసం ఆదివారం మాట. సోమవారం నుంచి శనివారం దాకా వాళ్ల కంచమూ అమ్మ కంచమే.

రకాలు కూడా తగ్గాయి. తాండూరు కందిపప్పు రుచికి సాటి లేదు, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేనూ దాని అభిమానినే. కానీ రోజూ కందిపప్పే అయ్యేసరికి తక్కినవన్నీ పండగలకీ నోములకీ పరిమితమైపోయాయి. పెసరపప్పు శ్రీరామనవమి వడపప్పుకి, శనగలు శ్రావణమాసం వాయనాలకి, గుగ్గిళ్లు దసరా తొమ్మిది రోజులకి, అనపగింజలు సంక్రాంతికి. శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్లొస్తే కొంగు నిండా నానిన శనగలు. మా ఇంట్లో ఆ రాత్రికి తాలింపు పెట్టేవారు, మర్నాడు కూర, ఆ మర్నాడు వడలు. ఆ వారమంతా ఇంటిల్లిపాదికీ ప్రోటీన్ నిండుగా అందేది. అలాంటి వారం ఏడాదికి నాలుగైదుసార్లే ఎందుకు రావాలి?

ఉలవల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనవాళ్లు చాలామంది పొరబడుతున్నారు. ఉలవచారంటే బలం అని పేరు. వెనకటికి ఎడ్ల కోసం పెద్ద కుండలో ఉలవలు గంటల తరబడి ఉడికించేవారు. గింజలు ఎడ్లకి పెట్టి, ఆ ఉడుకునీళ్లు మరిగించి చారు కాచుకునేవారు. ఆ చారు రుచి నాకు ప్రాణం, పైన వెన్న వేసుకుంటే ఇంకేమీ వద్దు. కానీ ఉలవల్లో ఉన్న వందకి 22 గ్రాముల ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే మిగిలిపోతుంది, నీళ్లలోకి దిగేది కొంచెమే. దుక్కి దున్నే ఎడ్లకి గింజ పెట్టడంలో న్యాయం ఉంది. ఇప్పుడు ఎడ్లు లేవు, ఇంట్లో ఉలవచారు కాచి గింజలు చెత్తబుట్టలో పడేస్తున్నారు. వాటిని ఉల్లిపాయ, ఎండుమిర్చి, కొబ్బరి కోరుతో తాలింపు వేసుకోండి. లేదా సగం గింజలు మెత్తగా రుబ్బి చారులోనే కలపండి, చిక్కదనానికి చిక్కదనం వస్తుంది.

మొలకల మీద కూడా ఇలాంటి భ్రమే ఉంది. ముప్పై గ్రాముల పెసలు మొలకెత్తి గిన్నె నిండా అయినా అందులో ప్రోటీన్ ఏడు గ్రాములే, పెరిగిన బరువు నీళ్లది. మొలకల వల్ల వచ్చే లాభం వేరే ఉంది. విటమిన్ సి పుడుతుంది, గింజలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ తగ్గుతుంది, అరుగుదల బాగుంటుంది. అవి మంచివే, కానీ మోతాదు గింజలు నానబెట్టినప్పుడే చూసుకోవాలి.

పల్లీలు, నువ్వులు పచ్చళ్లకీ పొళ్లకీ మాత్రమే అన్నట్టు చూస్తాం. వేరుశనగ కూడా కాయధాన్యమే, వందకి 24, 25 గ్రాముల ప్రోటీన్. జాతీయ పోషకాహార సంస్థ పిల్లల కోసం చాలా కాలం కిందట ఒక పిండి తయారుచేసింది, హైదరాబాద్ మిక్స్ అంటారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. ఈ గుప్పెడు పిండిలో పదకొండు గ్రాముల ప్రోటీన్, 330 కేలరీలు. దీనికి ఖరీదైన డబ్బాలేవీ అక్కర్లేదు, వీధి చివర కొట్లో దొరకని దినుసు ఒక్కటీ లేదు. ధాన్యం ఒకటి, పప్పు ఒకటి, నూనెగింజ ఒకటి అన్న ఆ పోలిక గుర్తుంటే చాలు, సున్నుండల్లో చారెడు వేయించిన నువ్వులు కలపడమూ తెలుస్తుంది, కారప్పొడిలో పుట్నాలు పెంచడమూ తెలుస్తుంది.

పాలూ పెరుగూ నాణ్యతలో అన్నిటికన్నా ముందుంటాయి, కానీ వందకి మూడు గ్రాములే. పల్చటి మజ్జిగలో అదీ ఉండదు. పనీర్‌లో 18 దాకా ఉంటుంది, ధరా దానికి తగ్గట్టే. సోయాతో చేసే మీల్ మేకర్ ఎండుగా ఉన్నప్పుడు వందకి యాభై గ్రాముల పైమాటే. ఒక కంపెనీ పెట్టిన పేరు తెలుగు వంటింట్లో వస్తువు పేరైపోయింది. మనిషికి పదిహేను గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, కుర్మాలో పడితే ఏడెనిమిది గ్రాములు వచ్చేస్తాయి. పుట్టగొడుగులు, మునగాకు మంచివే, కానీ ప్రోటీన్ కోసం వాటి మీద ఆధారపడలేం, తినగలిగేది తక్కువ కాబట్టి.

"పప్పు ఎక్కువైతే వాతం, కడుపుబ్బరం" అని అమ్మ వెంటనే అంది. కొట్టిపారేసే మాట కాదు. పప్పుల్లో ఉండే కొన్ని చక్కెరల్ని మన పేగులు అరిగించుకోలేవు, కింద పేగుల్లోని సూక్ష్మజీవులు తిని గాలి పుట్టిస్తాయి. గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే చాలా తగ్గుతుంది. ఇడ్లీపిండిలా పులిసినా తగ్గుతుంది. ఒకేసారి కాకుండా వారానికి కొంచెం చొప్పున పెంచితే పేగులూ అలవాటు పడతాయి. పెసరపప్పు అన్నిటికన్నా తేలిక, దానితో మొదలుపెట్టడం మేలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ఏదీ పెంచకూడదు.

ఇంకొక్క మాట, ఇది బరువు తగ్గాలని అన్నం మానేసి మొలకలతో సరిపెట్టుకునే మా వదిన లాంటివాళ్లకి. ప్రపంచమంతా ప్రోటీన్ కొరత అని గగ్గోలు పెడుతున్న 1960ల్లో, ఈ హైదరాబాదు సంస్థకే డైరెక్టరుగా ఉన్న సి. గోపాలన్ మన పేద పిల్లల అసలు లోటు కడుపు నిండకపోవడం అని వాదించారు. కేలరీలు చాలనప్పుడు ఒళ్లు ప్రోటీన్‌నే కట్టెల్లా కాల్చేస్తుంది, కండ కట్టడానికి ఏమీ మిగలదు. ఇప్పటికీ అది అంతే నిజం. అన్నం శత్రువు కాదు, పప్పు దాని పక్కన చాలినంత ఉండాలి.

మా ఇంట్లో మార్చింది కొంచెమే. వారానికి మూడు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు. అమ్మ తినే రెండు అట్లకి 60 గ్రాముల పెసలు పడతాయి, అంటే నాలుగు గ్రాముల చోట పదమూడు. పప్పుకి టీ గ్లాసు బదులు గ్లాసున్నర, నీళ్లు మాత్రం పాతవే. సాయంత్రం కాఫీతో గుప్పెడు వేయించిన పల్లీలు, ఆరు గ్రాములు. పళ్లకి గట్టిగా ఉన్న రోజున ఉడకబెట్టినవి. రాత్రి పెరుగన్నం మానమంటే అమ్మ ఒప్పుకోలేదు, మానాల్సిన పనీ లేదు. పక్కన కందిపచ్చడో పెసరపచ్చడో పెడుతున్నాం, అన్నంలో మొదటి రెండు ముద్దలు దానితో తింటోంది. దీనితో పాటు పొద్దున్నా సాయంత్రం కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటోంది. పని పెట్టకపోతే ఎంత ప్రోటీన్ పోసినా కండ పట్టదు.

నాలుగు నెలలైంది. మెట్ల దగ్గర గోడ ఇంకా పట్టుకుంటోంది. నిన్న మాత్రం పూజ దగ్గర కింద కూర్చుని, హారతి పళ్లెం రెండు చేతుల్లో ఉండగానే లేచింది. నేను చూస్తున్నానని ఆమెకి తెలియదు. సాయంత్రం బజారుకి వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఓ కిలో ఉలవలు తీసుకురా. చారు కాస్తాను, గింజలు మాత్రం పారెయ్యను, తాలింపు వేద్దాం" అంది.